పక్షుల గింజలు, ఉడతల పంటి దెబ్బ: ఏ ఉపాయం నిలుస్తుంది?

అమెరికాలో ఇంటి పెరట్లో పక్షులకు మేత పెట్టేవాళ్లు 5 కోట్లకు పైనే ఉంటారు. వాళ్లలో చాలామందిది ఒకటే గోడు. గింజలు పోసేది కార్డినళ్ల కోసం, గోల్డ్‌ఫించ్‌ల కోసం. తినిపోయేది ఉడత. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొనుక్కుని, పిల్లలకు పిట్టలను చూపిద్దామని వెనక డెక్ మీద ఫీడర్ వేలాడదీసిన తెలుగు కుటుంబాలకూ ఇది అనుభవమే. ఈ ఒక్క సమస్య చుట్టూ పెద్ద వ్యాపారమే పెరిగింది. స్ప్రింగులున్న ఫీడర్లు, గిరగిరా తిరిగే ఫీడర్లు, కారం పట్టించిన గింజలు, స్తంభాలకు తొడిగే గొట్టాలు దుకాణాల నిండా ఉన్నాయి. బిల్ అడ్లర్ అనే అమెరికన్ రచయిత 1988లో ఉడతల బారి నుంచి గింజలను కాపాడుకునే 101 ఉపాయాలతో ఏకంగా పుస్తకమే రాశారు.

ఇన్నిటిలో ఏది పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ, ఏది ఉడతకూ పిట్టకూ కూడా చేటు చేస్తుంది? ఇప్పటిదాకా పరిశోధకులు తేల్చినదాన్నీ, పక్షిప్రేమికులు అనుభవంతో నేర్చుకున్నదాన్నీ ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫీడర్ ధర కంటే అది పెట్టిన చోటు ముఖ్యం. ముందు టేపు పట్టుకుని పెరడు కొలిస్తే సగానికి పైగా సమస్య అక్కడే తీరుతుంది.

ఎదుట ఉన్నది ఎలాంటి జంతువు?

మన మామిడిచెట్ల మీద పరుగులు తీసే చారల ఉడత తూగేది సుమారు వంద గ్రాములు. అమెరికా తూర్పు రాష్ట్రాల బూడిద రంగు ఉడత 400 నుంచి 600 గ్రాములు ఉంటుంది. టెక్సాస్‌లో ఎక్కువగా కనిపించే ఫాక్స్ స్క్విరల్ ఇంకా పెద్దది. ఈ అమెరికా ఉడతల్లో దేనికైనా వెనక కాళ్ల చీలమండలు పూర్తిగా వెనక్కి తిరుగుతాయి. కాబట్టి తల కిందికి పెట్టి చెట్టు దిగగలదు. వెనక గోళ్లతో కొమ్మను పట్టుకుని నిలువునా వేలాడుతూ, ఖాళీగా ఉన్న రెండు చేతులతో గింజలు లాక్కోగలదు. ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసుకోవడం దానికి అవసరం. అందుకే ప్లాస్టిక్ ఫీడర్ రంధ్రాలు నాలుగు రోజుల్లో పెద్దవవుతాయి.

ఒంటి బలం కంటే దాని తెలివి మరీ గట్టిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ క్యాంపస్‌లో తిరిగే ఫాక్స్ స్క్విరళ్ల మీద చేసిన పరిశోధన 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దూకే ముందు ఉడత రెండు సంగతులు బేరీజు వేసుకుంటుంది: కొమ్మ ఎంత ఊగుతుంది, అవతలి ఒడ్డు ఎంత దూరం. వీటిలో ఊపుకే అది ఎక్కువ విలువ ఇస్తుందని తేలింది. గురి కాస్త తప్పినా గోళ్లతో పట్టు దొరకబుచ్చుకుంటుంది. దూరం మరీ ఎక్కువైతే పక్క గోడను కాలితో తన్ని దారి మళ్లించుకుంటుంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో మరో సంగతి చెప్పారు. ఒకసారి చిక్కు విప్పడం నేర్చుకున్న బూడిద ఉడతలు 22 నెలల తర్వాత కూడా దాన్ని మరిచిపోలేదు. కాయలను వందల చోట్ల పాతిపెట్టి చలికాలంలో వెతుక్కుని బతికే జంతువుకు జ్ఞాపకమే తిండి కదా.

దీన్నిబట్టి ఏ ఉపాయాన్నైనా తూచడానికి ఒక కొలత దొరుకుతుంది. ఉడతకు కష్టమైన అడ్డంకి చాలదు. కష్టమైనదాన్ని అది నేర్చేసుకుంటుంది, నేర్చినది గుర్తుంచుకుంటుంది. దాని శరీరానికే సాధ్యం కానిదైతేనే నిలుస్తుంది.

నష్టం ఎంత?

“నాలుగు గింజలు ఉడత తింటే ఏం పోయింది?” అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణం నుంచి వచ్చింది. 2018లో వెలువడిన అక్కడి అధ్యయనంలో, ఫీడర్ల దగ్గర నమోదైన సమయంలో దాదాపు 44 శాతం బూడిద ఉడతలదే. అంతకంటే ముఖ్యమైనది, ఉడత ఫీడర్ మీద ఉన్నంతసేపూ పక్షుల రాక 98 శాతానికి పైగా ఆగిపోయింది. నష్టం గింజల లెక్కతో ఆగదన్నమాట. ఉడత తిన్నది పోగా మిగిలిన గింజలున్నా పిట్ట దగ్గరకు రాదు. మంచు కురిసే జనవరిలో పది పదకొండు గ్రాముల చికడీ చలిరాత్రి గడవాలంటే ఉన్న కొద్దిపాటి పగటిలోనే కడుపు నింపుకోవాలి. ఆ పగటిలో గంటసేపు ఉడత ఫీడర్‌ను పట్టుకుని కూర్చుంటే మన పెరడు వరకు ఆ పిట్టకు తిండి లేనట్టే. ఉడతను దూరంగా ఉంచాలనుకోవడం పిసినారితనమేమీ కాదు.

మొదటి జవాబు: చోటు, స్తంభం, అడ్డు

పక్షిప్రేమికులు తరచూ చెప్పుకునేది అయిదు-ఏడు-తొమ్మిది సూత్రం. బూడిద ఉడత నేల మీద నుంచి అయిదడుగుల ఎత్తు ఎగరగలదు. పక్కనున్న చెట్టు నుంచో గోడ నుంచో ఏడడుగులు దూకగలదు. పైనుంచి తొమ్మిదడుగుల కిందికి ఉరకగలదు. ఫీడర్ ఈ మూడు కొలతలకూ అవతల ఉండాలి. అడ్డంగా ఏడడుగులు చాలవని, పదడుగులు వదలడమే మేలని అనుభవజ్ఞుల మాట. ఎత్తు నుంచి అడ్డంగా దూకే ఉడత ఇంకా దూరం పోతుంది కాబట్టి నేనూ పదడుగులకే ఓటు వేస్తాను.

ఇక్కడ లెక్కలోకి రాకుండా తప్పించుకునేవి చాలా ఉంటాయి. డెక్ రెయిలింగ్, ఏసీ పెట్టె, బార్బెక్యూ గ్రిల్, బట్టల తీగ, పిల్లల ఊయల కమ్మీ, కంచె మీది మేకుల వరస, అన్నీ ఉడతకు గెంతుడు బల్లలే. డెక్ రెయిలింగ్‌కే కొక్కెం బిగించి ఫీడర్ వేలాడదీస్తే ఎంత గొప్ప ఫీడరైనా నిలవదు. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసేది మాత్రం అదే.

పెరటి మధ్యలో నున్నటి ఇనుప స్తంభం పాతి, దానికి బాఫిల్ తగిలించాలి. స్తంభం ఎక్కకుండా పెట్టే అడ్డునే అక్కడ బాఫిల్ అంటారు. రెండు రకాలున్నాయి. ఒకటి బోర్లించిన గొడుగు ఆకారం. ఇది వెడల్పుగా, కనీసం ఒకటిన్నర అడుగు ఉండాలి, లేకపోతే ఉడత అంచు పట్టుకుని పైకి పాకుతుంది. రెండోది పొయ్యి పొగగొట్టం లాంటి రేకు గొట్టం. వెడల్పు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, పొడవు రెండడుగులు. పైన మూత ఉంటుంది, కింద తెరిచి ఉంటుంది. స్తంభం దాని మధ్యలోంచి పోతుంది.

ఈ రెండోది పనిచేసే తీరు దగ్గరగా గమనించదగ్గది. ఉడత స్తంభం మీద సర్రున పాకుతుంది. గొట్టం కింది అంచు తగలగానే ఆగి, తల తిప్పి, లోపలికి దూరుతుంది. లోపల చీకటి. స్తంభం పట్టుకుని పైదాకా వెళ్తే మూత తగులుతుంది, కాసేపు ముక్కుతో పొడిచి చూసి వెనక్కి దిగుతుంది. ఈసారి గొట్టం బయటి వైపు నుంచి ఎక్కాలని చూస్తుంది. రేకు నున్నగా ఉండి గోరు దిగదు. గొట్టం లావుగా ఉండటం వల్ల చేతులు చుట్టూ అందవు. జారి నేల మీద పడుతుంది. ఒంటికి దెబ్బ లేదు, మంట లేదు. దాని చేతుల పొడవుకూ గోళ్ల పట్టుకూ అందని ఆకారం, అంతే. గొట్టం పై అంచు నేల నుంచి అయిదడుగులకు తగ్గకుండా ఉంటే, పైన చెప్పిన దూరాలు పాటిస్తే, బూడిద ఉడత మీద ఇంతకు మించి నమ్మదగిన ఉపాయం లేదు.

దూరాల విషయంలో ఇంకో రెండు మాటలు. డేగ వచ్చినప్పుడు దాక్కోవడానికి పిట్టలకు దగ్గర్లో పొద ఉండాలి. పది పన్నెండడుగుల దూరం అటు ఉడతనూ ఆపుతుంది, ఇటు పిట్టకూ అందుబాటులో ఉంటుంది. కిటికీ అద్దం ప్రమాదం వేరు. ఫీడర్ అద్దానికి మూడడుగుల లోపల గానీ, ముప్పై అడుగుల అవతల గానీ ఉంటే పక్షులు గుద్దుకుని చనిపోవడం తగ్గుతుంది. మూడడుగుల లోపల పెడితే గోడ మీదుగా ఉడతకు దారి ఇచ్చినట్టే. కాబట్టి పెరడు ఉన్నవాళ్లు దూరంగా పెట్టడమే మంచిది, చోటు చాలకపోతే అద్దానికి బయటి వైపు దగ్గర దగ్గరగా గీతలో చుక్కలో అంటించాలి.

రెండో జవాబు: ఫీడర్ రకం

పెద్ద చెట్లు కమ్మిన చిన్న పెరళ్లలో పదడుగుల ఖాళీ దొరకదు. అక్కడ ఫీడరే కాపలా కాయాలి.

బరువుతో మూసుకునే ఫీడర్లు వీటిలో మేలైనవి. లోపల స్ప్రింగు ఉంటుంది. కార్డినల్ బరువు 45 గ్రాముల దాకా, గోల్డ్‌ఫించ్‌ది 20 గ్రాముల లోపు. అవి వాలితే ఏమీ కాదు. అర కిలో ఉడత ఎక్కితే బయటి తొడుగు కిందికి జారి గింజల రంధ్రాలు మూసుకుంటాయి. స్ప్రింగు బిగువు మార్చుకునే వీలున్నవే కొనాలి. పక్కనున్న కొమ్మను వెనక కాళ్లతో పట్టుకుని, ఫీడర్ మీద బరువు పడకుండా తినడం ఉడతకు వచ్చు కాబట్టి దీనికీ చుట్టూ ఒకటిన్నర రెండడుగుల ఖాళీ అవసరం. వంద గ్రాముల చిప్‌మంక్ అనే చిన్న ఉడతను ఇది ఆపలేదు. దాన్ని ఆపేంత మెత్తగా స్ప్రింగు పెడితే దాదాపు అంతే బరువున్న గువ్వలూ, బ్లూ జేలూ ఆగిపోతాయి.

చుట్టూ పంజరం ఉన్న ఫీడర్ల కన్నాలు ఒకటిన్నర అంగుళం ఉంటాయి. చిన్న పిట్టలు లోపలికి దూరతాయి. ఉడతలతోపాటు గుంపులుగా వచ్చి పడే గ్రాకిల్ పక్షులు కూడా ఆగుతాయి. కార్డినల్ మీద ప్రేమ ఉన్నవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు, అదీ బయటే ఉండిపోతుంది. గింజల గొట్టానికీ పంజరానికీ మధ్య ఉడత చెయ్యి అందనంత ఎడం ఉందో లేదో కొనే ముందే చూసుకోవాలి.

మోటారుతో తిరిగి ఉడతను విసిరేసే ఫీడర్ల వీడియోలు చూడటానికి చాలామందికి సరదా. నాకు నచ్చవు. పిల్లలకు ప్రాణుల మీద ప్రేమ నేర్పడానికి పెట్టిన వస్తువు ఇంకో ప్రాణి గిలగిల్లాడటాన్ని వినోదం చేయకూడదు. పైగా బ్యాటరీ అయిపోయిన రోజు అది మామూలు ఫీడరే.

మూడో జవాబు: గింజల ఎంపిక

పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు, మొక్కజొన్న ఉన్న కలగాపులగం మేత ఉడతకు విందు. మేత మారిస్తే రాక తగ్గుతుంది. కుసుమ గింజలు కార్డినళ్లకు ఇష్టం, చాలా ఉడతలకు సయించవు. తాండూరు నల్లరేగళ్లలో పండే కుసుమలే ఇవి. అయితే కొన్ని పెరళ్లలో వేరే తిండి దొరకనప్పుడు ఉడతలు వీటికీ అలవాటు పడతాయి.

గోల్డ్‌ఫించ్‌ల కోసం సన్నటి చీలికలున్న గొట్టాల్లో పోసే నల్లటి చిన్న గింజలు మన వలిసెలే. అరకు, పాడేరు కొండల్లో వానలు వెనకబట్టాక పసుప్పచ్చగా పూసే పంట, మైదానాల్లో వెర్రి నువ్వులంటారు. అమెరికా పక్షుల మేత బజారుకు వలిసెలు ప్రధానంగా ఇథియోపియా, భారత్ లాంటి దేశాల నుంచే వెళ్తాయి. బంగారు తీగ లాంటి కలుపు విత్తనాలు వెంట రాకుండా వాటిని వేడితో శుద్ధి చేస్తేనే అక్కడికి అనుమతి. ఉడతలు వీటి జోలికి పెద్దగా రావు. ఒక్క ఫీడరే పెట్టగలిగినవాళ్లకు, ముఖ్యంగా అపార్ట్‌మెంట్ బాల్కనీలవాళ్లకు, ఇది మంచి మొదలు. కొద్దికొద్దిగా పోయాలి, పాతబడి నూనె ఎండిన గింజను గోల్డ్‌ఫించ్ ముట్టదు.

ఇక కారం. ఇది వట్టి చిట్కా కాదు, వెనక శాస్త్రం ఉంది. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకం పక్షుల్లో కూడా ఉంది, కానీ దాన్ని కాప్సైసిన్ కదిలించలేదు. కోడి గ్రాహకంతో పోల్చి ఈ తేడాను 2002లో అణుస్థాయిలో చూపినవారిలో డేవిడ్ జూలియస్ ఒకరు. ఆ గ్రాహకం మీద చేసిన కృషికే ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. మిరప మొక్కకు ఇందులో లాభం ఉందని 2001లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. ఎలుకజాతి జంతువులు విత్తనాన్ని నమిలి నాశనం చేస్తాయి, పక్షులు మింగి చెక్కుచెదరకుండా దూరంగా విసర్జిస్తాయి. మంట నమిలేవాటిని తరిమి మింగేవాటిని రానిస్తుంది.

కాప్సైసిన్ పట్టించిన గింజలను కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లలో ఉడతలకు పెట్టి చూస్తే అవి తినడం తగ్గించాయి. బజారులో దొరికే కారపు గింజలు ఈ పునాది మీదే వచ్చాయి. అయితే ఇంట్లో ఉన్న గుంటూరు కారం తెచ్చి గింజల మీద చల్లడం మాత్రం వద్దు. పొడి గాలికి లేచి పిట్టల కళ్లలో, మన పిల్లల కళ్లలో పడుతుంది. వానకు కొట్టుకుపోతుంది. నూనెతో గింజకు గట్టిగా పట్టించి అమ్మేవి కొనుక్కుని, చేతులకు తొడుగు వేసుకుని పోయాలి. నా దృష్టిలో కారం అదనపు కాపలా మాత్రమే. చోటు సరిలేని ఫీడర్‌ను అది ఒంటరిగా కాపాడలేదు.

చేయకూడనివి

స్తంభానికి గ్రీజు, వాజ్‌లైన్, వంటనూనె పూయమనే సలహా చాలా పాతది, చాలా చెడ్డది. ఆ జిడ్డు ఉడత బొచ్చుకూ పిట్ట ఈకలకూ అంటుకుంటే చలిని ఆపే శక్తి పోతుంది. శుభ్రం చేసుకోబోయి అదంతా నోట్లోకి పోతుంది. జిగురు పలకలు ఇంకా క్రూరం. విషం పెడితే ఉడతతోపాటు దాన్ని తినే డేగ, పక్కింటి కుక్క కూడా పోతాయి.

పట్టుకుని దూరంగా అడవిలో వదిలేస్తే పుణ్యమే కదా అనుకునేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మేరీల్యాండ్‌లో నగర శివార్ల నుంచి పట్టి పెద్ద అడవిలో వదిలిన 38 బూడిద ఉడతలను పరిశోధకులు గమనించారు. 88 రోజుల్లో వాటిలో 97 శాతం చనిపోయాయి, లేదా వదిలిన చోట కనిపించకుండా పోయాయి. తిండి దాచుకున్న చోటు, గూడు, దారి ఏదీ తెలియని అడవిలో వదలడం వాటికి ఉరిశిక్షతో సమానం. చాలా అమెరికన్ రాష్ట్రాల్లో ఇది చట్టవిరుద్ధం కూడా. ఖాళీ అయిన పెరట్లోకి ఇంకో ఉడత రావడానికీ ఎన్నో రోజులు పట్టదు.

వేరుగా పెడితే?

పెరటి మరో మూల పల్లీలో మొక్కజొన్న కంకో పెట్టి ఉడతను అటు మళ్లించమంటారు కొందరు. తిండి పెరిగితే ఉడతలూ పెరుగుతాయి కాబట్టి వద్దంటారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. బాఫిల్ లేకుండా మళ్లింపు ఒక్కటే నమ్ముకుంటే ఉడత రెండు చోట్లా తింటుంది. బాఫిల్ ఉన్నాక, గట్టి చలి రోజుల్లో, కొద్దిగా పెడితే తప్పేమీ లేదు. దానికి ముందు ఫీడర్ కింద రాలిన గింజలు ఊడ్చాలి. ఉడతలకూ ఎలుకలకూ మొదటి పిలుపు ఆ రాలిందే. మిగిలిన అన్నం, చపాతీ ముక్కలు డెక్ మీద పెట్టే అలవాటు కూడా మానుకోవాలి, రాత్రికి రకూన్లు దిగుతాయి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతాల్లో వసంతం నుంచి ఆకురాలే కాలం చివరిదాకా ఫీడర్ తీసేయడమే సరైన పని. రెండు వారాలకోసారి ఫీడర్ కడిగి ఆరబెట్టడం ఎక్కడైనా తప్పనిసరి. 2021లో అమెరికా పశ్చిమాన పైన్ సిస్కిన్ పిట్టలను చంపిన సాల్మొనెల్లా ఇలాంటి మురికి ఫీడర్ల దగ్గరే సులువుగా అంటుకుంటుంది.

బ్రిటన్‌లో లెక్క వేరు

ఇదే ఉడత అట్లాంటిక్ దాటితే కథ మారుతుంది. 1876లో ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఒక భూస్వామి అందం కోసం బూడిద ఉడతలను వదిలాడు. ఇప్పుడు బ్రిటన్‌లో అవి దాదాపు 27 లక్షలు, స్థానిక ఎర్ర ఉడతలు మూడు లక్షల లోపు. బూడిద ఉడతలు తట్టుకునే ఒక పాక్స్ వైరస్ ఎర్రవాటిని చంపుతుంది. రెండూ తినే ఫీడర్ ఆ జబ్బు అంటుకునే చోటు కావచ్చు. అందుకే ఎర్ర ఉడతలున్న ప్రాంతాల్లో జబ్బు కనిపిస్తే ఫీడర్లు దించేయమంటారు. పట్టిన బూడిద ఉడతను తిరిగి వదలడం అక్కడ నేరం. ఐర్లండ్ మధ్య ప్రాంతాల్లో పైన్ మార్టెన్ అనే వేటజంతువు పెరిగిన చోట బూడిదవి తగ్గి ఎర్రవి తిరిగి వచ్చాయి.

అమెరికాలో అది పరాయిది కాదు. 19వ శతాబ్దంలో నగరాల నుంచి దాదాపు మాయమైన ఈ ఉడతను 1847లో ఫిలడెల్ఫియా ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో, తర్వాత న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జనమే తెచ్చి వదిలి, తిండి పెట్టి పెంచారు. అది పాతిపెట్టి మరిచిన ఓక్ కాయల్లో కొన్ని చెట్లయ్యాయి. అక్కడ మన పని దాన్ని పెరటి నుంచి వెళ్లగొట్టడం కాదు, ఫీడర్ నుంచి ఎడంగా ఉంచడం.

మన ఊళ్లో

హైదరాబాద్ బాల్కనీలో ఫీడర్ కట్టినవాళ్లు అమెరికా సామాను తెప్పించుకోనక్కర్లేదు. మన ఉడతా, రామచిలుకా దాదాపు ఒకే బరువు. స్ప్రింగు ఫీడర్ వాటిని వేరుచేయలేదు. గోదావరి జిల్లాల్లో పిచ్చుకల కోసం కట్టే వరి కుచ్చు గోడకు దూరంగా, చూరు నుంచి సన్నటి తీగకు వేలాడితే సరిపోతుంది. ఉడత కిందపడ్డ నాలుగు వడ్లు తింటే తిననివ్వాలి.

చివరి మాట

ఇన్ని ఉపాయాల్లోంచి వరస ఏర్పడుతుంది. ముందు కొలత, తర్వాత బాఫిల్, చోటు లేకపోతే బరువు ఫీడర్, ఆపైన కుసుమలో వలిసెలో, చివరగా కారపు గింజలు. జిడ్డు, జిగురు, విషం, బోను ఈ వరసలో ఎక్కడా లేవు, ఉండకూడదు. పెరట్లో పిట్టలకు మేత పెట్టడమంటే చుట్టూ ఉన్న ప్రాణులను చేరదీయడం. అందులో ఒకదాన్ని దూరంగా ఉంచాల్సి వచ్చినప్పుడు నొప్పి పెట్టకుండా ఉంచే దారి ఉంది, అదే అన్నిటికంటే బాగా పనిచేస్తోంది కూడా. ఇక ఇంకో దారి పట్టడానికి మనకు ఏ సాకూ లేదు.